ఉభయకుశలోపరి

బొగ్గులేరు ఆనకట్ట దిగువన సైరన్ మోగకపోవడానికి కారణం, మోగమని పంపిన సందేశం దారిలో పోవడమేనని విచారణ సంఘం తేల్చింది. పోయిన సందేశాన్ని వెతకడానికి రెండు జీపులు మంజూరు చేసింది.

సంగతి చిన్నదేమీ కాదు. వేసవిలో ఏరు ఎండిపోయాక గెడ్డవలస వాళ్లు ఏటి ఇసకలో పుచ్చపాదులు పెట్టి, అక్కడే పాకలు వేసుకుని కాపలా ఉంటారు. పైన ఆనకట్ట తలుపులు ఎత్తితే గంటలో నీళ్లు ఆ పాదుల మీదికి వస్తాయి. అందుకని తలుపులు ఎత్తేముందు ఆనకట్ట కంట్రోల్ రూములో ఉన్న కంప్యూటరు, గెడ్డవలస గట్టు మీద సైరన్ గదిలో ఉన్న కంప్యూటరుకి కబురు పంపుతుంది. ఆ రెండో కంప్యూటరు సైరన్ మోగించాలి. ఏర్పాటు ఇంతే.

ఆ ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం తలుపులు ఎత్తారు. కబురు పంపారు. తెర మీద ‘పంపబడినది’ అని పచ్చటి అక్షరాలు పడ్డాయి కూడా. రెండు కంప్యూటర్ల మధ్య లైను మాత్రం పొద్దుటే తెగిపోయి ఉంది. తెగినట్టు దీనికీ తెలియదు, దానికీ తెలియదు. అవతలివాళ్లు ఫోను పెట్టేశారని తెలియక ఇవతల మనం చాలాసేపు మాట్లాడేస్తూ ఉంటాం చూడండి, అదే జరిగింది. ఊళ్లో ఎవరిదో పెళ్లి, అందరూ భోజనాలకు వెళ్లి ఉన్నారు గనక ప్రాణాలు దక్కాయి. కాయలు దక్కలేదు. పుచ్చకాయలు గుంపులు గుంపులుగా సముద్రానికి తేలిపోతున్న ఫోటో పేపర్లలో రంగుల్లో పడింది. చూడ్డానికి బాగానే ఉంది.

ఆ కాయల్లో సగం నూకరత్నానివి. నూకరత్నం తమ్ముడు పైడిరాజు ఆ కంట్రోల్ రూములోనే కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఆ సాయంత్రం అతను ఊరికి వెళ్లేసరికి అక్క గట్టు మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా తన పాదులున్న చోట పారుతున్న నీళ్లకేసి చూస్తోంది. ఏడుపు అప్పటికే అయిపోయింది. తిట్లు మిగిలాయి.

“ఏటిరా పైడీ, నీ కంప్యూటరికి పలకడం రాదేటి?” అంది. “సిన్నప్పుడు ఏట్లో పడుకున్నప్పుడు మనం ఏటి సేసీవోలం? ఈ పాకలోంచి ‘ఓయ్’ అంటే ఆ పాకలోంచి ‘ఓయ్’ అనీవోరు. పలక్కపోతే లేసి ఎల్లి సూసీవోలం కాదేటి? ఆమాత్రం సెయ్యలేదా మీ ఆఫీసోల్లు?”

పైడిరాజు కాలేజీలో నాలుగేళ్లు చదివిందీ అదే. పలకరించు, జవాబు రాకపోతే మళ్లీ పలకరించు, అప్పటికీ రాకపోతే ఏదో కొంప మునిగిందనుకో. చదివింది వాడుకునే అవకాశం ఆఫీసు ఇంతవరకూ ఇవ్వలేదు.

ఆ ఆఫీసుకి అధిపతి చీఫ్ ఇంజినీరు పరాంకుశం గారు. మనిషి నిదానస్తుడు. చెప్పేది తప్పయినా విరామచిహ్నాలతో సహా చెబుతారు. జీపుల విషయంలో ఆయన తర్కం ఇలా సాగింది.

“సందేశము ఇచ్చట బయలుదేరినట్లు మన వద్ద రుజువు కలదు. అచ్చట చేరనట్లు కూడా రుజువు కలదు. కావున అది మార్గమధ్యమున ఉండి తీరవలెను.”

“అది ఉండే వస్తువు కాదు సార్,” అన్నాడు పైడిరాజు. “లైను తెగితే పోయిందంతే.”

“ప్రభుత్వ ఆస్తి ‘పోయిందంతే’ అని ఎక్కడా వ్రాయరాదు,” అన్నారు పరాంకుశం గారు.

జీపులు స్తంభం స్తంభం దగ్గరా ఆగుతూ గెడ్డవలస దాకా వెళ్లాయి. ప్రతి స్తంభం దగ్గరా ఒకరు దిగి తలెత్తి చూశారు. తీగల మీద రెండు గాలిపటాలు, ఒక కాకి గూడు, ఎవరో విసిరిన చెప్పు కనిపించాయి. దారిలో కొబ్బరిబొండాలు తాగారు. ‘సందేశము కనబడలేదు, ఉన్నయెడల కనబడి ఉండెడిది’ అని నివేదిక ఇచ్చారు.

తర్వాత మీటింగు పెట్టారు. పైడిరాజు లేచి, వినయంగానే, రెండు మాటలు చెప్పాడు. కబురు అందిందని అవతలివాళ్లు రసీదు పంపాలి, రసీదు రాకపోతే మనం కబురు మళ్లీ పంపాలి, ఇది మొదటిది. రెండోది, ఆనకట్ట నుంచి కొంతసేపు ఏ మాటా వినపడకపోతే సైరన్ తనంతట తానే మోగాలి.

“లైన్లు తెగుతూనే ఉంటాయి సార్. తెగకుండా ఎవరూ చెయ్యలేరు. తెగిందని తెలుసుకోవడమే మన చేతిలో ఉంది. మాట వినపడలేదంటే ప్రమాదం ఉందని అనుకోవాలి. ఊరికే మోగితే జనం ఓసారి గట్టెక్కి తిట్టుకుంటారు. మోగకపోతే పోతారు.”

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“అనగా, ఆదేశము లేకపోవుటయే ఆదేశమని మీ భావమా? ఈ సూత్రమును అంగీకరించినచో రాష్ట్రములో ఏ శాఖయూ మౌనముగా నుండజాలదు. మౌనము మన పరిపాలనలో అంతర్భాగము. రెండవ సూచన తిరస్కరించడమైనది. మొదటిది బాగున్నది. రసీదు.”

రసీదు అనే మాట ఆయనకి ఎంత నచ్చిందంటే దాన్ని ఇంకోసారి అని చూసుకున్నారు. ఆ తర్వాత ఆయనకి ఒక సందేహం వచ్చింది. దాంతోనే అసలు కథ మొదలైంది.

“వారు పంపిన రసీదు మనకు ముట్టినట్లు వారికి ఎట్లు తెలియును?”

“తెలియదు సార్.”

“తెలియనప్పుడు వారు ఏ ధైర్యముతో సైరన్ మోగించవలెను? రేపు ఆడిట్ వారు అడిగినచో? కావున రసీదు ముట్టినట్లు మనము వారికి రసీదు పంపవలెను.”

“అది ముట్టినట్టు మనకెలా తెలుస్తుంది సార్?”

పైడిరాజు ఇది ఎద్దేవాగా అన్నాడు. పరాంకుశం గారు మెచ్చుకుంటూ తలూపారు. “సరియైన ప్రశ్న. దానికి వారు రసీదు పంపవలెను.”

“దీనికి అంతుండదు సార్. ఎక్కడో ఒకచోట నమ్మి మోగించెయ్యాలి.”

“నమ్మకమునకు మన శాఖలో పద్దు లేదు,” అన్నారు పరాంకుశం గారు. “అంతు ఎక్కడ అనునది సాంకేతిక విషయము కాదు. విధాన నిర్ణయము.”

ఆ విధాన నిర్ణయానికి ఉపసంఘం వేశారు. ఒకరు ఏడు రసీదులు చాలన్నారు. ఇంకొకరు ఇరవై ఒకటి కావాలన్నారు. పొద్దు వాలేదాకా తెమల్లేదు. చివరికి ఎవరో నూట ఎనిమిది అన్నారు. ఆ అంకెకి అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, ఏకగ్రీవమైపోయింది. అవి పూర్తయ్యేదాకా సైరన్ మోగకూడదనీ, మధ్యలో లైను తెగితే మళ్లీ ఒకటో రసీదు నుంచే మొదలెట్టాలనీ కూడా తీర్మానించారు. అష్టోత్తరం చదువుతూ మధ్యలో ఆగిపోతే, ఆగిన నామం దగ్గర ఎవరూ అందుకోరు కదా అని ఒక సభ్యుడు సమర్థించాడు.

పైడిరాజు ఆ ప్రోగ్రాం రాశాడు. కాంట్రాక్టు ఉద్యోగి రాయక ఏం చేస్తాడు? అయితే అందులో అక్క చెప్పిన ‘ఓయ్’ని కూడా ఒక మూల ఇరికించాడు. ఆనకట్ట కంప్యూటరు నిమిషానికోసారి ‘ఉన్నాను’ అంటుంది. సైరన్ కంప్యూటరు ‘ఉన్నాను’ అని జవాబిస్తుంది. ఈ ముక్క పరాంకుశం గారి కంట పడనే పడింది.

“ఒక ప్రభుత్వ కార్యాలయము మరియొక కార్యాలయమును ఇట్లేనా పలకరించుట? మర్యాద ఏదీ?” అని ఆయనే కలం తీసి సవరించారు. సవరించాక అది ఇలా తయారైంది. ‘ఉభయకుశలోపరి. ఇచ్చట మేము క్షేమము. అచ్చట మీరును క్షేమమని తలంతుము.’

“ఇక జవాబు అక్కర లేదు,” అని కింద ఒక వాక్యం చేర్చారు. “క్షేమమని మనమే తలచుచున్నాము గదా.”

పైడిరాజు ఆ వాక్యాలు అలాగే టైపు చేశాడు. అవతల మనిషి ఉన్నాడో లేడో అడక్కుండా, ఉన్నాడనే అనుకుని సాగిపోయే ఉత్తరాలు తన తాతల నాటి నుంచీ ఉన్నాయి. వాటిని కంప్యూటరు చేత రాయించిన ఘనత మాత్రం తమ ఆఫీసుదే.

రసీదులు మొదలయ్యాక లైను తెగడం ఎక్కువైంది. పరీక్షకని రోజూ ఆ నూటెనిమిదీ అటూ ఇటూ తిరుగుతుంటే పాతకాలపు లైను ఎంతని మోస్తుంది? తెగినప్పుడల్లా తెర మీద ఎర్రగా ‘లైను తెగినది’ అని పడేది. పరాంకుశం గారు ఆ మాట తీయించి ‘లైను విశ్రాంతిలో నున్నది’ అని లేత నీలంలో వేయించారు. ఆ నెల నుంచి బొగ్గులేరు లైను ఒక్కసారి కూడా తెగలేదు. లెక్కల్లో ఎక్కడ వెతికినా తెగలేదు. రాష్ట్రం మొత్తం మీద ఒక్కసారి కూడా తెగని లైను ఇదొక్కటేనని తేలి, అవార్డుకి పేరు కూడా వెళ్లింది.

ఈ పద్ధతి ఆఫీసు మనుషులకీ అంటుకుంది. పరాంకుశం గారు టీ తెమ్మంటే అటెండరు “తెమ్మన్నారు సార్” అనేవాడు. “నేను తెమ్మన్నట్లు నీకు తెలిసినట్లు నాకు తెలిసినది” అని ఆయన అనేవారు. అది తనకి తెలిసినట్టు అటెండరు చెప్పేవాడు. మధ్యలో ఫోను మోగితే మళ్లీ మొదటినుంచి. వేసవి ముదిరేసరికి ఆ ఆఫీసులో టీ తాగినవాళ్లు లేరు. పక్క గదిలో ఉన్న తలుపుల విభాగం వాళ్లు మాత్రం రోజుకి మూడుసార్లు తాగేవారు. వాళ్లకి కంప్యూటరు లేదు. ఒక గోడగడియారం, ఒక చక్రం ఉన్నాయి. పై నుంచి ఉత్తర్వులో ఏ గంట రాసి ఉంటే ఆ గంటకి తలుపులు ఎత్తేస్తారు. సైరన్ మోగిందా లేదా అన్నది తమ విభాగానికి సంబంధించిన విషయం కాదని వాళ్లు ఎప్పుడో రాసిచ్చేశారు.

ఏడాది తిరిగింది. పైడిరాజు మళ్లీ ఊరికి వెళ్లేసరికి నూకరత్నం అదే ఇసకలో, అదే చోట, పాదులు పెట్టేసింది. పిందెలు అప్పుడే పిడికెడయ్యాయి. పాక కూడా కొత్త తాటాకు వేసి కట్టుకుంది.

“మళ్లీ ఇక్కడేనా అక్కా?” అన్నాడు.

“ఇంకెక్కడ పెడతానురా? ఇసకుంది ఇక్కడే కదేటి,” అంది. “నువ్వున్నావు కదా పైన. సైరనేసేస్తావులే.”

పైడిరాజు తిరిగి వెళుతూ గట్టు మీద సైరన్ గదిలో ఆగాడు. అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని, దాని ప్రోగ్రాంలో నాలుగు వరుసలు కలిపాడు. ఆనకట్ట నుంచి పది నిమిషాల పాటు ‘ఉభయకుశలోపరి’ వినపడకపోతే రసీదుల కోసం చూడకుండా మోగెయ్యి. ఆ వరుసల పైన ‘వేసవి జాగ్రత్తలు’ అని శీర్షిక పెట్టాడు. అలాంటి శీర్షిక ఉన్నదాన్ని పై అధికారులు చదవరని అతనికి తెలుసు.

అవార్డు సంఘం తనిఖీకి వచ్చిన రోజే తలుపులు ఎత్తే రోజు కూడా అయింది. ఉత్తర్వులో నాలుగు గంటలని ఉంది. మూడున్నరకి కంట్రోల్ రూములో పరాంకుశం గారు సంఘం సభ్యులని కుర్చీల్లో కూర్చోబెట్టి, గోడ మీద పెద్ద తెర చూపించారు. పైడిరాజు మీట నొక్కాడు. సందేశం వెళ్లింది. ఒకటో రసీదు వచ్చింది.

“చిత్తగించుడు,” అన్నారు పరాంకుశం గారు. “ప్రపంచములో ఏ సందేశమూ ఇంత నిశ్చయముగా ప్రయాణము చేయదు.”

రసీదులు అరవై దాటాయి. సభ్యులు చప్పట్లు కొట్టారు. అంతలో తెర లేత నీలమైంది. లైను విశ్రాంతిలోకి వెళ్లింది. కాసేపటికి దానంతట అదే లేచి, ‘ఉభయకుశలోపరి’ అని పలకరించి, ఒకటో రసీదు నుంచి మళ్లీ మొదలెట్టింది. ఈసారి నలభై దగ్గర పడుకుంది. తర్వాత ఎనభై దాకా వెళ్లి పడుకుంది.

నాలుగయింది. పక్క గదిలో చక్రం తిరిగిన చప్పుడు వినిపించింది. కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. తలుపులు లేచాయి.

పైడిరాజు లేచి నిలబడ్డాడు. “సార్, నీళ్లు వదిలేశారు. సైరన్ మోగలేదు.”

“రసీదులు జరుగుచున్నవి,” అన్నారు పరాంకుశం గారు, సభ్యుల కేసి నవ్వుతూ.

పైడిరాజు వరండాలోకి పరిగెత్తి అక్కకి ఫోను చేశాడు. ఫోను మోగుతూనే ఉంది. ఏట్లో కరెంటు లేదు గనక ఆమె ఫోను గట్టు మీద టీ కొట్లో చార్జింగు పెట్టి ఉంటుంది. పరాయి ఆడవాళ్ల ఫోను ఎత్తడం మర్యాద కాదని టీ కొట్టతను అలాగే మోగనిచ్చాడు. తర్వాత సైరన్ గదికి చేశాడు. అక్కడ కాపలా ఉండే దాలినాయుడు వెంటనే ఎత్తాడు.

“సైరన్ వెయ్యి దాలినాయుడూ, నీళ్లొస్తున్నాయి.”

“రసీదులు అయిపోనాయా బావూ?”

“కాలేదు. నువ్వు చేత్తో వేసెయ్యి.”

“అదెలగవుద్ది బావూ? కానప్పుడు ముట్టుకుంటే ఉజ్జోగం పోద్దని కాయితం ఇచ్చినారు కదా. తవరే ఇచ్చినారు.”

పైడిరాజు ఫోను పెట్టేసి, తన నాలుగు వరుసలు ఏమయ్యాయా అని ఆలోచించాడు. పది నిమిషాలు మాట వినపడకపోతే సైరన్ మోగాలి. మరెందుకు మోగడం లేదు? గుమ్మంలోంచి తెర కేసి చూశాడు. అర్థమైంది. లైను పడుకుని లేచినప్పుడల్లా ఇటువైపు కంప్యూటరు తప్పకుండా క్షేమసమాచారం పంపుతోంది. నీళ్లొస్తున్నాయన్న మాట ఒక్కటే రసీదులు పూర్తికాక చెల్లడం లేదు, మిగతా మర్యాదలన్నీ గెడ్డవలసకి అందుతూనే ఉన్నాయి. ఇచ్చట మేము క్షేమము. అచ్చట మీరును క్షేమమని తలంతుము. అక్కడ అక్క ఆ ఇసకలో పిందెలకి నీళ్లు పోస్తూ ఉంటుంది. సైరన్ వేస్తానని తమ్ముడు ఉన్నాడు కదా అనుకుంటూ ఉంటుంది.

ఇక్కణ్ణుంచి ఏ మాట పంపినా రసీదుల దగ్గరే ఆగిపోతుంది. చేరగలిగిన కబురు ఒక్కటే ఉంది.

అతను లోపలికి వచ్చాడు. సభ్యుల కాళ్లు తొక్కుతూ, క్షమించండి క్షమించండి అంటూ గోడ దాకా వెళ్లి, గోడలోంచి లైను తీగని రెండు చేతులా పట్టుకుని ఊడబీకాడు.

తెర లేత నీలంలోకి వెళ్లి, అలాగే ఉండిపోయింది. పరాంకుశం గారు చూపిస్తున్న వేలు గాల్లోనే ఉంది.

“మీరు చేసినది ఏమి?” అన్నారు చివరికి.

“లైనుకి విశ్రాంతి ఇచ్చాను సార్,” అన్నాడు పైడిరాజు. ఆ తీగ వదలకుండా అలాగే గోడకి జారగిలబడి కూర్చున్నాడు. దాన్ని లాక్కోవాలంటే తనతో పెనుగులాడాలి. అవార్డు సంఘం ముందు పెనుగులాటకి నిబంధన లేదు. గడియారం కేసి చూస్తూ అందరూ కూర్చున్నారు. జీవితంలో అంత పొడుగైన పది నిమిషాలు పైడిరాజు ఎరగడు. పదీ దాటిన కాసేపటికి అతని జేబులో ఫోను మోగింది. దాలినాయుడు అరుస్తున్నాడు. వెనక సైరన్ మోతలో సగమే వినపడింది. “నాను ముట్టుకోనేదు బావూ, దానంతటదే అరుత్తంది, నా తప్పు కాదు!”

పైడిరాజు ఫోను గుండెల మీద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నీళ్లు వచ్చేసరికి ఏట్లో పిల్లా జెల్లా అంతా గట్టు మీద ఉన్నారు. ముదిరిన కాయలు కొన్ని కోసుకుని బుట్టల్లో మోసుకొచ్చే వ్యవధి కూడా దొరికింది.

పైడిరాజు మీద చర్య తీసుకోవడం ఆఫీసుకి తలనొప్పి అయి కూర్చుంది. లైను తెంపాడని రాద్దామంటే, లైను తెగినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అవార్డు పోతుంది. సైరన్ ఊరికే మోగిందని రాద్దామంటే, నీళ్లు నిజంగానే వచ్చాయి. పరాంకుశం గారు వారం రోజులు మథనపడి, చివరికి దారి కనిపెట్టారు. అభియోగం ఇలా ఉంది. ‘ఆ తేదీనాడు సదరు ఉద్యోగి గెడ్డవలసకు మౌనరూపమున ఒక సందేశమును పంపి, అందుకు రసీదు పొందియుండలేదు. రసీదు సమర్పించని యెడల ఉద్యోగము నుండి తొలగించబడును.’

ఆ సంగతి విని నూకరత్నం బస్సెక్కి ఆఫీసుకి వచ్చింది. చంకలో ఒక పుచ్చకాయ ఉంది. తిన్నగా పరాంకుశం గారి గదిలోకి వెళ్లి, దాన్ని ఆయన బల్ల మీద పెట్టింది. తమ్ముడు వద్దంటూ వెనకే వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

“ఇది ఏమి?” అన్నారు పరాంకుశం గారు.

“కాయ బావూ. మా తమ్ముడి కబురు నాకు అందింది. సెప్పీసి పోదామని వొచ్చినాను.”

పరాంకుశం గారు కాయని అటూ ఇటూ దొర్లించి చూశారు. “సంతోషము. దీనిని ఒకటవ రసీదుగా స్వీకరించవచ్చును. అయితే ఇది మాకు ముట్టినట్లు మీకు ఎట్లు తెలియును? ఆ తరువాతివి ఇంకను నూట ఏడు గలవు.”

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. ఆ మొహంలో హాస్యం లేదు. చీర కొంగుతో మెడ మీద చెమట తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఆ రోజు నాను ఏట్లో ఉన్నాను బావూ. నా కోడలు ఉంది, సంకన పసిదుంది. ఇప్పుడు నాను నీ ఎదర ఉన్నాను. ఆలిద్దరూ ఇంటికాడ ఉన్నారు. రసీదు నానే. నీకు ముట్టినానో నేదో సూసుకో.”

పరాంకుశం గారు ఆమె కేసి చూశారు. ఆయన పెదవులు ఏదో అనబోయినట్టు కదిలాయి. గుమ్మంలో పైడిరాజుకి ఒక్క క్షణం ఆశ పుట్టింది కూడా.

ఆయన గంట కొట్టారు. అటెండరు వచ్చాడు.

“ఈమెకు ఇన్‌వర్డు నంబరు వేయుము,” అన్నారు పరాంకుశం గారు.

అటెండరు ముద్ర పట్టుకుని నూకరత్నం చుట్టూ ఓసారి తిరిగాడు. ఎక్కడ వెయ్యాలో పాలుపోలేదు. ఆమె చూసిన చూపుకి రెండడుగులు వెనక్కి వేసి, ముద్ర పుచ్చకాయ మీద కొట్టి వెళ్లిపోయాడు.

పైడిరాజు అక్కని బస్సెక్కించి వచ్చి, కంట్రోల్ రూములో తన కుర్చీలో కూర్చున్నాడు. ఒకటో రసీదు నమోదైపోయింది గనక, మిగతా నూట ఏడూ అందేదాకా విచారణ ముగియదనీ, ముగిసేదాకా అతన్ని తొలగించడానికి వీల్లేదనీ ఆఫీసు తేల్చింది. అవి ఆనకట్ట లైను మీదే రావాలని కూడా తేల్చింది. ఇవాళ్టికీ అవి అరవై, డెబ్బై దాకా వచ్చి పడుకుంటున్నాయి.